కుడిచేతి దండం

ఆ రోజు ఇంట్లో ఐదుగురున్నారు: మఠానికి నాణేల అచ్చులు చెక్కే ఫోల్క్‌మార్, పొయ్యి దగ్గర బార్లీ జావ కలుపుతున్న అతని తల్లి, నాణేలు కొట్టడానికి సుత్తి భుజాన వేసుకుని వచ్చిన డీట్‌మార్, టంకశాల బాధ్యత కొత్తగా చేపట్టిన సన్యాసిని గెర్బుర్గ్, గోడకు అతుక్కుపోయి నిలబడ్డ ఫోల్క్‌మార్ కూతురు హజెకా.

వారం తిరిగితే పునీత జాన్ పండుగ. సంతలో మఠాధిపతమ్మ బొమ్మున్న కొత్త వెండి నాణెమే చెల్లాలి. టంకశాలగా వాడే లోపలి గదిలో పల్చటి వెండి రేకులు సిద్ధంగా ఉన్నాయి. చలికాలంలో ఫోల్క్‌మార్ కళ్లకు పొర కమ్మింది. ఈ ఏటి అచ్చు హజెకా చెక్కింది. ఆ సంగతి గడప దాటలేదు. అచ్చు నచ్చకపోతే పని వేరే ఊరివాడికి పోతుంది.

గెర్బుర్గ్ అచ్చును కిటికీ వెలుగులో చూసింది.

"అధికార దండం ఎడమచేతిలో పెట్టావేమయ్యా? మా అమ్మగారు నీ కంటికి ఎడమచేతివాటం మనిషిలా కనిపించారా?"

ఫోల్క్‌మార్ తాపీగా నవ్వాడు. "అది నా పని కాదమ్మగారూ. చెక్కినదాన్నే అడగండి. చెప్పు తల్లీ."

హజెకా ముందుకు వచ్చింది. కొవ్వొత్తి నుంచి మెత్తని మైనం గిల్లింది. అది అతుక్కోకుండా అచ్చు మీద ఉమ్మి రాసింది.

"అమ్మగారి మొహం మీద ఉమ్మేస్తావటే!" అంది నానమ్మ.

"ఉమ్మితే పోయేదేముంది? ఇంకాసేపట్లో నేను సుత్తితో కొట్టబోతున్నానుగా," అన్నాడు డీట్‌మార్.

హజెకా మైనాన్ని బొటనవేలితో అదిమి తీసి, గెర్బుర్గ్ అరచేతిలో పెట్టింది. అచ్చులో ఎడమకున్నది మైనంలో కుడికి వచ్చింది; వెండి మీదా అంతే. కుడిచేతిలో వంకీ దండం, ఎడమచేతిలో పుస్తకం. మేలిముసుగు మడతలు ఒక్కొక్కటీ తేలాయి.

గెర్బుర్గ్ మైనాన్ని వెలుగులోకి తిప్పింది. "ఆ పొడుగు ముక్కు కూడా అమ్మగారిదే. ఇది ఆవిడకి చూపించాలి," అని మైనపు ముక్కను జాగ్రత్తగా రుమాల్లో చుట్టుకుంది. "వచ్చే ఏడు కూడా ఈ పిల్లే చెక్కాలి."

నానమ్మ గరిటె పక్కన పెట్టి మనవరాలి వేళ్లు పట్టుకుంది. డీట్‌మార్ అచ్చును లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. దాని వెనకే హజెకా కూడా రెండడుగులు వేసింది.

"టంకశాల ప్రమాణం చెయ్యనివాళ్లు వెండి దగ్గరికి రాకూడదు పిల్లా," అంది గెర్బుర్గ్.

ఫోల్క్‌మార్ గడప మీద ఆగి, తడుముకుంటూ కూతురి భుజం అందుకున్నాడు.

"తలుపుకి చెవి ఆనించి కూర్చో. మొదటి దెబ్బ చప్పుడు నీ అచ్చుదే," అని చెప్పి, లోపలికి వెళ్లి తలుపు మూశాడు.