నాలుగున్నర బస్సు పోయాక

"పాలు నేనే పొయ్యి మీద పెడుదునే. పొంగితె మళ్ల నువ్వే తుడుచుకోవాలె గదా అని ఊకున్న," అన్నాడు మల్లికార్జున్, సోఫాలోంచి కదలకుండా.

నవనీత ఇంకా చెప్పులైనా విడవలేదు. మొగుడు కరెంటు ఆఫీసు నుంచి ఐదింటికే ఇల్లు చేరతాడు. ఆమె పల్లెలో బడి వదిలి, నాలుగున్నర బస్సు పట్టుకుని మహబూబ్‌నగర్‌లో దిగి ఇంటికొచ్చేసరికి ఐదున్నర దాటుతుంది. ఆ అరగంటా అతనూ, అతని తల్లి నర్సింగమ్మా టీవీ ముందు చాయ కోసం ఎదురుచూస్తారు. వేల వోల్టుల తీగల కింద జంకు లేకుండా తిరిగే మనిషి పాలగిన్నె దగ్గర ఇంత పిరికివాడు ఎట్లా అవుతాడో, పదకొండేళ్ళుగా సైన్సు చెబుతున్నా ఆమెకు అంతుపట్టలేదు.

చాయ వడకడుతోందన్న మాటే గాని మనసు బడి వెనక గుట్ట మీదే ఉంది. తొమ్మిదో తరగతికి గాలి నుంచి కరెంటు పాఠం చెబుతూ, పుస్తకంలో బొమ్మ చూపించి ఊరుకోవడం ఇష్టంలేక, ఈసారి పిల్లల చేతే గాలిమర చేయించింది. పాత సైకిల్ చక్రం, రంగు డబ్బాలు కోసి చేసిన ఆరు రెక్కలు, రబ్బరు పట్టీతో బిగించిన బొమ్మకారు మోటారు, దానికో చిన్న ఎర్ర లైటు. మొదట రెక్కల్ని గాలికి నిటారుగా ఎదురు పెట్టారు. చక్రం పట్టుకుని గ్రౌండంతా ఉరికినా అది కదల్లేదు. తప్పెక్కడుందో వాళ్ళే కనుక్కోవాలని ఆమె నోరు విప్పలేదు. చివరికి గొర్లు కాసే ఇంటి పిల్ల స్నేహలత లేచింది. "మేడం, గొంగడి గాలికి ఎదురు పట్టుకుంటె ఎన్కకు నూకుతది. జర వాలుగ పట్టుకుంటె పక్కకు గుంజుతది. రెక్కలు గూడ గట్ల వాల్చాలె." ఆ రోజు నవనీతకు కడుపు నిండినట్లయింది.

రెక్కలు వాల్చి, గుట్ట మీద కర్ర పాతి నిలబెట్టారు. కానీ ఆమె పీరియడ్ పదకొండింటికి. శివరాత్రి పోయిన ఎండలు, ఆకు కదలదు. పిల్లలు పరీక్ష అట్టలతో విసిరితే చక్రం సగం తిరిగి ఆగిపోయేది. ఇయ్యాల పొద్దున స్నేహలత మెల్లగా చెప్పింది. "మేడం, అది రోజు తిరుగుతది. లైటు గూడ ఎల్గుతది. మీరు పోయినంక."

జిల్లా సైన్స్ ప్రదర్శనకు దరఖాస్తు ఎల్లుండిలోగా పంపాలి. కింద, 'ఈ నమూనా పనిచేయడం స్వయంగా చూశాను' అన్న వాక్యం, గైడ్ టీచర్ సంతకం.

"రేపు జర ఆలస్యమైతదేమో," అంది గ్లాసులు అందిస్తూ. సంగతి చెప్పింది.

"పిల్లలు చూసిన్రు గదనే, సంతకం పెడితె అయిపాయె," నవ్వాడు మల్లికార్జున్. "గా గుడ్డి లైటుకు దోమ గూడ కనవడదు."

"బడి ఇడిసినంక గూడ గాడ ఏం పని బిడ్డా? ఇల్లు పట్టని ఆడిది ఎంత సదివితె ఏంది?" అంది నర్సింగమ్మ. ఆ మాటలో కోపం కూడా లేదు. ఉప్పు ఎక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

నవనీత గిన్నెలు తోముతూ నిలబడింది. నిజమే, సంతకమెంత పని? పెండ్లిచూపుల నాడు తలెత్తి చూడకుండానే సరే అంది. బదిలీ దరఖాస్తులో ఆయన ఎంచిన ఊళ్ళ కింద చదవకుండానే సంతకం పెట్టింది. చూడకుండా ఒప్పుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతున్నానని కాసేపటికి తెలిసి, తన మీద తనకే ఒళ్ళు మండింది.

మర్నాడు నాలుగున్నరకు బస్సు ఆగింది. ఆమె కోసమే కండక్టర్ తల బయటపెట్టాడు. "మేడం, వస్తలేరా?"

"ఏడు గంటల దానికొస్త," అనేసింది. బస్సు కదిలింది. ఉరికితే అందుతుందేమో అనిపించింది కూడా.

పిల్లలతో కలిసి గుట్ట ఎక్కింది. అక్కడ ఆకు కదలడం లేదు. ఐదైంది. ఈపాటికి ఆయన వచ్చి ఉంటాడు. ఐదుంబావు. నవనీత కూర్చుంటుంది, లేస్తుంది, గడియారం చూసుకుంటుంది. పిల్లలు మాత్రం నిమ్మళంగా రేగుపండ్లు తింటున్నారు. ఎదురుచూడటం ఇంత హాయిగా ఉంటుందని ఆమె ఎన్నడో మరిచిపోయింది.

"గొర్లు ఈపులు తిప్పినయి మేడం," అంది స్నేహలత కిందికి చూపిస్తూ. "గాలొస్తాంది."

ముందు ఎండుగడ్డి కదిలింది. తర్వాత చీర కొంగు. తర్వాత రెక్కలు ఒక్కటొక్కటిగా కనబడి, ఆ పైన తిరిగే వేగానికి కనబడకుండా పోయాయి. ఎర్ర లైటు వెలిగింది. మిణుగురంతే ఉంది. నవనీతకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. ఇన్నేళ్ళుగా ఆమె బస్సెక్కి పోయాక ఈ గాలి రోజూ ఇక్కడికి వస్తూనే ఉంది.

పరీక్ష అట్ట అడిగి తీసుకుని దరఖాస్తు మీద సంతకం పెట్టింది. అప్పుడే ఫోన్ మోగింది.

"యాడున్నవే? అమ్మకు చాయ టైమాయె."

"గుట్ట మీద. పాలు ఫ్రిజ్‌ల ఉన్నయి."

"సరే, ఇయ్యాల్టికైతె ఏదో..."

"ఇయ్యాల్టికే కాదు," అంది నవనీత. "నేను ఇగ రోజూ ఏడు గంటల బస్సుకే వస్త."