నిమిషానికొక ప్రశ్న

మధ్యాహ్నం డబ్బాలు విప్పాక ఆడవాళ్ళ చేతులు బరువెక్కుతాయని, కబుర్లలో పడి తప్పు మీటలు నొక్కుతారని, రెండు దాటగానే సర్వర్ మందగించేది అందుకేనని యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్‌లో అందరూ నమ్మేవారు. 1997లో డిగ్రీ పరీక్షల మార్కులు ఎక్కించే ఆపరేటర్లం ఏడుగురం, ఏడుగురమూ ఆడవాళ్ళమే. అటెండర్ లక్ష్మయ్య సైతం తలుపు దగ్గర నిలబడి, "జర తక్కువ తినరాదుండ్రి అమ్మా, మిషన్‌కు నిద్రొస్తున్నది" అని నవ్వేవాడు. ఆ మాట నవ్వులాటతో ఆగలేదు. వచ్చే సోమవారం నుంచి మా పనిని నల్లకుంటలోని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి, మమ్మల్ని పంపించివేయాలని డైరెక్టర్ నిర్ణయించారు.

నా భర్త దయాకర్ అక్కడే ప్రోగ్రామర్. ఇద్దరం ఒకే డిప్లొమా చదివాం. మార్కులు నాకే ఎక్కువ. ఉద్యోగాల దగ్గరికి వచ్చేసరికి అతను ప్రోగ్రాములు రాసే గదికి, నేను మీటలు కొట్టే గదికి వెళ్ళాం. నేను పొద్దున అయిదింటికి లేచి వండిన అన్నాన్ని, అతను ఒంటిగంటకు తార్నాకలోని ఇంటికి వెళ్ళి, అత్తయ్య కూర వేడిచేసి వడ్డించగా తిని, రెండింటికి తిరిగి వస్తాడు. అదే అన్నాన్ని నేను డబ్బాలో చల్లగా తింటాను. బరువెక్కేవి మాత్రం నా చేతులు.

సాయంత్రం బ్యాకప్ టేపు మార్చే పని ఎవరికీ నచ్చక నాకు అంటగట్టారు. దానితోపాటే సర్వర్ పాస్‌వర్డూ నాకు వచ్చింది. తనను అడిగిన ప్రతి ప్రశ్ననూ, అంటే తనకు చెప్పిన ప్రతి పనినీ, అది ఏ యంత్రం నుంచి వచ్చిందో దానితో సహా, సర్వర్ చేతనే రాయించవచ్చునని బీరువాలో దుమ్ముపట్టిన మాన్యువల్ చెప్పింది. బుధవారం రాయించాను. మేం మార్కులు ఎక్కించినప్పుడు వెళ్ళేవి చిన్న ప్రశ్నలు, రెప్పపాటులో ముగిసేవి. వాటి మధ్య, రెండింటి నుంచి నిమిషానికొకసారి, మా తెరలు ఎన్నడూ అడగని ప్రశ్న ఒకటి కనిపించింది. అప్పటిదాకా ఎక్కిన నాలుగు లక్షల మార్కుల వరుసలనూ మొదటినుంచీ తిరగేసి, ఏ ఆపరేటర్ ఈ గంటలో ఎన్ని మార్కులు ఎక్కించిందో చెప్పమని. ఒక్కొక్కటీ సర్వర్‌ను నలభై సెకన్లు పట్టి ఉంచుతోంది. అది వస్తున్నది దయాకర్ యంత్రం నుంచి.

"మూడింటికి గంతసేపు ఏడికి పోయినవ్?" అని అతను కంచం ముందు అడిగినప్పుడల్లా, ఈయనకెలా తెలిసిందా అనుకునేదాన్ని. నెలసరి రోజుల్లో రెండుసార్లు లేచి వెళ్ళినందుకు కూడా సంజాయిషీ చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం ఇంట్లో అడిగాను.

"డైరెక్టర్ సారు అడిగిండు, రాసిచ్చిన. రోజూ తినొచ్చి నడిపిస్త. ఎవలు పని చేస్తున్నరో ఎవలు చేస్తలేరో తెల్వద్దా?"

సర్వర్ ఆగుతున్నది దానివల్లేనని చెప్పాను.

"సరే, సోమారం నుంచి బంద్ చేస్త. నువ్వయితే నోరు తెరవకు. నా ఇజ్జత్ ఏంగావాలె?"

"మరి మేం ఏడుగురం?"

"నీకేమైంది, ఇంట్ల ఉండు. అమ్మకు ఆసరైతది."

"గదే మంచిగుంటది బిడ్డా," అంది అత్తయ్య వంటింట్లోంచి.

గిన్నెలు తోముతూ ఆలోచించాను. మేం వెళ్ళిపోయిన రోజునే అతను దాన్ని ఆపుతాడు. ఆ రోజునే సర్వర్ బాగుపడుతుంది. పుకారుకు అంతకన్నా గట్టి రుజువు ఏముంటుంది? అబద్ధమని తెలిసినవాళ్ళం లోకంలో ఇద్దరమే. ఒకరు నోరు మూసుకొమ్మంటున్నారు, రెండోవారు గిన్నెలు తోముతున్నారు.

గురువారం ఆరుగురికీ విషయం చెప్పాను. సరిగ్గా రెండింటికి అందరం చేతులు ఒళ్ళో పెట్టుకున్నాం. మాలో పెద్దదైన సారలమ్మ గోడ గడియారం చూస్తూ, "పెండ్లయినంక అరగంట ఉత్తగ కూసున్నది ఇదే మొదలే నవతా, పాపం తగుల్తదేమో" అంది. ఎవరూ గట్టిగా నవ్వలేదు. పక్కగదిలో దయాకర్ ఉన్నాడు.

రెండున్నరకు సర్వర్ రాసినదాన్ని ముద్రించి, పైన మూడు వాక్యాలు చేర్చాను. అతని పేరు దగ్గర కలం ఆగింది. 'గారు' తగిలించి రాశాను. ఏడుగురమూ సంతకాలు పెట్టాక, డైరెక్టర్ గదిలోకి నేనే తీసుకువెళ్ళి, ఆయన చేతికిచ్చాను.

"జులై 17 మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర వరకు ఏడుగురు ఆపరేటర్లూ ఒక్క మీట కూడా నొక్కలేదు. ఆ అరగంటలో సర్వర్‌ను ఒక్కొక్కటీ నలభై సెకన్లు పట్టి ఉంచిన ప్రశ్నలు ముప్పై వచ్చాయి. ముప్పైయీ ప్రోగ్రామర్ దయాకర్ గారి యంత్రం నుంచి వచ్చాయి."