కరంగనోమ్ పిల్లల బరువులు

పాత కంప్యూటర్ మీద దుమ్ము తుడవాలి, ఒక్కో ఊరి పిల్లల బరువులూ టీకాలూ ఒక్కో ఫైలుగా బయటికి తీయాలి, తీసినవాటిని ఫ్లాపీలకెక్కించాలి, డాక్టరమ్మ సంతకం తీసుకోవాలి, మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి జిల్లా వ్యాను వస్తుంది, కంప్యూటర్ పెట్టె వాళ్ళకి అప్పగించాలి, తీసుకెళ్ళాక అందులోదంతా తుడిచేస్తారట, అందుకే ముందే అన్నీ సరిచూసుకోవాలి, అనుకుంటూ ఆరోగ్య కేంద్రం గుమాస్తా లస్మిని తెర మీది ఊళ్ళ పేర్ల వెంట వేలు జరుపుతోంది, ఒక ఊరు తక్కువైంది, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది, తక్కువే, కరంగన్యర్ ఉంది, కరంగనోమ్ లేదు, అదెలా, పొద్దున అన్నిటికన్నా ముందు తీసింది అదే కదా, ఆ తర్వాతే కదా కరంగన్యర్ తీసింది, అప్పుడు వెలిగింది, ఈ ముసలి ప్రోగ్రాముకి ఫైలు పేరు ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదు, తొమ్మిదో అక్షరం నుంచి మారుమాట లేకుండా కోసేస్తుంది, కోస్తే రెండు ఊళ్ళకీ మిగిలేది కరంగన్ ఒక్కటే, రెండోది వచ్చి మొదటిదాని మీద కూర్చుంది, ఉన్నదాన్ని చెరపమంటావా అని ఒక్కమాటైనా అడగలేదేమిటి.

పక్క బల్ల దగ్గర మందుల చీటీలు చూసే సర్వొనో సోయాగింజల టెంపే బజ్జీ నములుతూ నవ్వాడు, అడగడమా, అది ప్రతిదానికీ చెరపనా చెరపనా అని మా అత్తలా ప్రాణం తీస్తుంటే నేనే దాని నోరు మూయించానక్కా, నువ్వు ఉద్యోగంలో చేరకముందే, అయినా కరంగనోమ్ ఎక్కడుందని ఇప్పుడు, మొన్న వానలకి కొండ జారి ఊరంతా పూడ్చేసిందా, బతికినవాళ్ళంతా కరంగన్యర్ షెడ్లలో ఉన్నారా, వాళ్ళ పిల్లల్ని అక్కడి నర్సు కొత్తగా రాసుకుంటుందిలే, డిగ్రీ చదివావని మట్టికింద లెక్కలు కూడా తవ్వుతావా ఏంటి, ఇదిగో ఈ మిరపకాయ కొరుకు, బుర్ర పనిచేస్తుంది.

కొత్తగా రాసుకుంటుంది, ఆ మాట అతను ఎంత తేలిగ్గా అన్నాడు, చిన్నప్పుడు తమ్ముణ్ణి చూసి నర్సు మర్సితమ్మ కూడా ఇంత తేలిగ్గానే అంది, కొత్తవాడా, అని, అప్పుడు లస్మిని ఎత్తు తూకం బల్లంత కూడా లేదు, దూలానికి వేలాడే తక్కెడ, దానికి లుంగీ ఉయ్యాల, అందులో తమ్ముడు, వాడి చల్లటి పాదం తన చేతిలో, బంగాళాదుంపల చేలో కూలికి వెళ్ళే నాన్న వాడికి రాజుల పేరు పెట్టుకున్నాడు, విజయనింగ్రాట్ అని, పిల్లాడు తెల్లవారితే జ్వరం, పొద్దుగూకితే విరేచనాలు, నాయనమ్మ తేల్చేసింది, పేరు బరువైపోయిందిరా, మోయలేకపోతున్నాడు, దించేయండి, పసుపన్నం గోపురంగా పోసి, ఇరుగుపొరుగుని పిలిచి, దువా చేయించి, ఆరోగ్యం అని అర్థం వచ్చేలా వారస్ అని పెట్టారు, పాత పేరు ఇక నోట రాకూడదు, వస్తే జబ్బు తిరిగొస్తుంది, అందుకే మర్సితమ్మ పేరడిగితే అమ్మ వారస్ అనే చెప్పింది, ఆమె కార్డుల పెట్టె అంతా వెతికింది, ఆ పేరుతో కార్డు లేదు, వీడు మొన్న కూడా వచ్చాడండీ అని లస్మిని అనబోతే ఉల్లిపాయల వాసనేసే అమ్మ అరచెయ్యి వచ్చి నోటిమీద పడింది, మర్సితమ్మ కొత్త కార్డు తీసి ఆ నెల బరువుకి ఒక చుక్క పెట్టి, కాస్త సన్నంగా ఉన్నాడంతేనమ్మా, వచ్చే నెల చూద్దాం అంది, పాత కార్డులో నెలనెలా కిందికి జారుతూ వచ్చిన గీత పెట్టె అడుగునే ఉండిపోయింది, కొత్తదానిలో ఒక్క చుక్క, ఒక్క చుక్క పైకి వెళ్తోందో కిందికి వెళ్తోందో ఎవరికి తెలుస్తుంది.

వచ్చే నెల వాడు చూడలేదు.

అక్కా, వ్యాను గేటు దగ్గర హారన్ కొడుతోంది, అన్నాడు సర్వొనో, రానియ్యి, టీ ఇయ్యి వాళ్ళకి, ఎక్కువ చక్కెరేసి ఇయ్యి, మెల్లగా తాగుతారు, లస్మిని వేళ్ళు అప్పటికే కీల మీద ఉన్నాయి, ఆ షెడ్లలో ఎందరు పిల్లలు జారుతూ వచ్చినవాళ్ళో, ఈ ఫైలు అక్కడి నర్సుకి చేరకపోతే వాళ్ళందరికీ ఒక్కో చుక్కే, ఫైలు పేరు తోకని ముందుకి తేవాలి, నోమ్ మొదట, కరన్ తర్వాత, సరిగ్గా ఎనిమిది, లోపల ఇంకో గడి చేర్చి ఊరి పూర్తి పేరు ప్రతి పిల్లవాడి పక్కనా పెట్టాలి, ఫ్లాపీ గరగరమంది, ఆగింది, మళ్ళీ గరగరమంది, సర్వొనో తలుపుకి అడ్డంగా నిలబడి డ్రైవరుతో వాన సంగతులు మొదలెట్టాడు, ఎప్పుడూ పనికిరాడనుకున్న మనిషి, తెర మీద ఊళ్ళు సరిపోయాయి, కరంగనోమ్ వచ్చింది, పిల్లలు వరసగా ఉన్నారు, ఇద్దరు పెట్టె మోసుకుపోతుంటే ఆమె తీగలు చుట్టి ఇచ్చింది.

అమ్మ ఇప్పటికీ అంటుంది, పేరు ఇంకాస్త ముందే మార్చి ఉంటే బతికేవాడే అని, అన్నం వడ్డిస్తూ అంటుంది, పండగనాడు సమాధి మీద పూలు చల్లుతూ అంటుంది, లస్మిని తలూపుతుంది, ఇన్నాళ్ళూ నిజమేననుకుని ఊపింది, ఇకమీదట కూడా ఊపాలి, ఎందుకంటే పేరు మార్చిన ఆ రోజే వాడి జబ్బు ఎవరి కంటికీ కనబడకుండా పోయిందని ఆ తల్లికి చెప్పడం ఏ కూతురి వల్లా కాదు, ఆ సంగతి తనతోనే ఉండిపోతుంది, వాడి పాత పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకరు, కాబట్టి చదివిన మీరైనా వాణ్ణి గుర్తుపెట్టుకోండి, విజయనింగ్రాట్ అనీ, వారస్ అనీ, రెండు పేర్లున్న ఒకే పిల్లవాడిగా.