తాడు అవతలి ఆవాకు

ఆమెకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే: తన చేత్తో పెట్టిన ముద్దే తన బిడ్డకు విషమవుతుందేమోనని. మంచం మీంచి పడుతుందనో, పురుగు ముడుతుందనో అంత బెంగ లేదు. ముద్ద గురించే బెంగ. అందుకే ఏ ఆకు తెచ్చినా నీళ్ళు తేటపడేదాకా కడిగేది. "నువ్వు కడిగే కడుగుడుకి ఆకులో పచ్చదనం కూడా పోతుందే" అని భర్త నవ్వేవాడు. వ్యాను తోలే మనిషి, నవ్వడానికి అతనికి తీరికెక్కువ.

ఇంటి వెనక ఒకప్పుడు పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండేది. యజమాని రేకులతో సహా మూటాముల్లె సర్దుకుని పోయాడు. వెనక మిగిలింది నూనె జిడ్డులాంటి నల్ల నేల, తడిస్తే ముక్కులో గుచ్చుకునే పుల్లటి వాసన. ఆ తరవాత ఆఫీసు వాళ్ళెవరో వచ్చి, చుట్టూ తాడు కట్టి, ఎర్రగుడ్డలు వేలాడగట్టి, ఆవాలు చల్లిపోయారు. మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఆకులు అరచెయ్యంత.

అంత ఆకు ఊరికే ముదిరిపోతుంటే పెద్దత్త ప్రాణం ఊరుకోలేదు. పెద్దత్త అంటే భర్తకు పెద్దమ్మ, పక్క వాటాలోనే ఉంటుంది. ఎంగిలి విస్తరి పారేయాలన్నా ఒకసారి తిరగేసి చూసే మనిషి. తాడు కింద నుంచి దూరి, కాడలు అలాగే ఉంచి ఆకు మాత్రం గిల్లుకొచ్చేది.

"కాడ ఉంటే మళ్ళీ చిగురేస్తుందే. ఆకు పెట్టు, పిల్లకి రక్తం పడుతుంది."

ఆమె ఆ ఆకును కడిగి, ఉడికించి, మెత్తగా నలిపి, గుడ్డలో వడకట్టి పాపకు తినిపించేది. గుండ్రటి పొట్టతో ఉంటుందని పాపను అందరూ బుడంకాయ అంటారు. బుడంకాయ పళ్ళు రాని నోటితో చప్పరించి ఇంకా కావాలని చెయ్యి చాపేది.

ఒకరోజు పొద్దున్నే ఆమె పెరట్లో పొత్తిగుడ్డలు ఆరేస్తుంటే తాడు లోపల ఇద్దరు మనుషులు కనిపించారు. మోచేతుల దాకా తొడుగులు, ముక్కులకు గుడ్డలు. మొక్కల్ని వేళ్ళతో సహా పీకి మందపాటి సంచుల్లో కుక్కుతున్నారు.

"ఏంటమ్మా, ఆవాకు పీకడానికి అంత వేషమా?" అంది ఆమె నవ్వుతూ.

ఇద్దరిలో చిన్నదైన అమ్మాయి నడుం నిటారు చేసింది. "నేలలో సీసం ఉందక్కా. ఈ మొక్కలు దాన్ని వేళ్ళతో లాగి ఒంట్లో దాచుకుంటాయి. మేం పీకి దూరంగా తీసుకుపోతాం, మళ్ళీ చల్లుతాం. ఇలా ఎన్నో పంటలు పోతేగానీ నేల బాగుపడదు." బోడి కాడ ఒకటి ఎత్తి చూపించింది. "ఇదిగో, చూడు. ఆకంతా ఏ మేకలో మేసిపోతున్నాయి. పాపం, వాటి గతేమిటో."

ఆ మేకలెవరో ఆమెకు అర్థమైంది. చేతిలోని తడిగుడ్డ జారి మట్టిలో పడింది. వంగి తీయబోయి, ఆ మట్టిని చూసి చెయ్యి వెనక్కి లాక్కుంది.

లోపల బుడంకాయ గడ్డం మీద రాత్రి మరక ఎండి చారగా ఉంది. పొయ్యి మీద గిన్నెలో మిగిలిన ముద్ద నీరొదిలి, చెరువు పాచిలా తేలుతోంది. దాన్ని తానూ తింది. పాలూ ఇచ్చింది. నాలుక మీద తుప్పు రుచి వచ్చినట్టై తూము దగ్గర కూర్చుని కక్కింది. కక్కింది కూడా పచ్చగానే ఉంది. అది చూసి మళ్ళీ కక్కింది. గిన్నె తోమింది, వాసన చూసింది, మళ్ళీ తోమింది, చివరికి గిన్నెనే బయటకు విసిరింది. పాప నోట్లో వేలు పెట్టి తుడవబోతే అది ఆటనుకుని కిలకిలా నవ్వింది.

చప్పుడుకి భర్త లేచొచ్చాడు. సంగతి విని తల గోక్కున్నాడు. "మురికి తాగే మొక్కలని, ఆవాలు చల్లేముందు ఆ ఆఫీసు వాళ్ళ మీటింగులో చెప్పారులే. ఇంటికొకర్ని పిలిచారు. బిస్కెట్లు కూడా పెట్టారు."

"మరి ఇంటికొచ్చి చెప్పలేదేం?"

"మొక్కల గొడవ నీకెందుకనుకున్నా. నువ్వు వండేది అదేనని కలగన్నానా?"

"బిస్కెట్టు తినడానికి తెరుచుకున్న నోరు ఇంటికొచ్చేసరికి మూతపడిందన్నమాట."

ఇంటికొకరంటే ఆ వరసలో మగవాళ్ళే వెళ్ళారు. పొయ్యి దగ్గరుండేవాళ్ళకి చెప్పాలని ఒక్కడికీ తోచలేదు. అతని చెయ్యి భుజం మీద పడితే ఆమెకు జిడ్డు తగిలినట్టయింది.

పెద్దత్త మాత్రం నమ్మలేదు. "కడిగితే పోని మురికి ఉంటుందటే?"

"పైనున్నది పోతుంది పెద్దత్తా. లోపలున్నది ఎక్కడికి పోతుంది?"

ఆస్పత్రిలో పాప రక్తం తీశారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ మెల్లగా చెప్పింది: సీసం ఉంది, ప్రాణం మీదికి వచ్చేంత లేదు, అలాగని మరిచిపోయేంత తక్కువా లేదు, ఆ ఆకు ముట్టకుండా ఉండి మళ్ళీ చూపించండి అని. "కడిగానండి, చాలా కడిగాను" అంది ఆమె. ఏడో తరగతిలో బడి మానిపించినప్పుడు కూడా అంత చిన్నబోలేదు.

డాక్టరమ్మ మాట విన్నాకే పెద్దత్త కొంగు నోట్లో కుక్కుకుని కూలబడింది. ఇంట్లోకి పోను మిగిలిన ఆకు ఎవరెవరికి కట్టలు కట్టి ఇచ్చిందో ఒక్కొక్కరినీ తలుచుకుంది. చంకలో బుడంకాయతో ఆమె, ముందు పెద్దత్త, గడప గడపా ఎక్కి చెప్పారు. కొందరు వాళ్ళ ముందే ఉమ్మేశారు, ఒకావిడ తిట్టిపోసింది. ఆ మాటలూ పడ్డారు.

ఒక్కరే దొరకలేదు. బస్‌స్టాపులో కనిపించినప్పుడల్లా పెద్దత్త కట్ట చేతిలో పెట్టిన అమ్మాయి. కడుపుతో ఉన్న పిల్ల, ఆకు తింటే మంచిదని పెద్దత్త డబ్బు కూడా పుచ్చుకోలేదు. పేరడగలేదు. పెద్దత్త ఇప్పుడు రోజూ ఉత్త చేతులతో వెళ్ళి ఆ బల్ల మీద కూర్చుంటోంది. ఆ అమ్మాయి రావడం లేదు.

ఎడమ ముంజేతి మీద ఇస్త్రీపెట్టె కాలిన మచ్చ ఉంటుంది, బట్టలు కుట్టే చోట పని. నెలలు నిండుతూ ఉంటాయి. అలాంటి అమ్మాయి మీ వీధిలో ఉంటే ఒక్కసారి తలుపు తట్టండి. ముసలావిడ ఇచ్చిన ఆవాకు ఇంకా ఉంటే పారేయించండి, రక్తపరీక్షకి పంపండి. ఎలా ఉందో చూసి రండి.