గూట్లో కంచం

పెళ్లయి నెల తిరక్కముందు ఎవరికైనా అన్నీ ముద్దుగానే కనిపిస్తాయి కాబోలు. ఏంజెలిన్‌కైతే భర్త ప్రభుకుమార్ స్కూటరు హారన్ కూడా ముద్దే. సారెలో వచ్చిన స్టీలు కంచం మీద అమ్మ చెక్కించిన తన పేరును రోజుకోసారి వేలితో తడిమి చూసుకుంటుంది. పెరటి గోడ గూట్లో 'కరుణకుమారి' అని చెక్కిన కంచం చూసి, తోడికోడలంటే ఎంత గారాబమో, కంచానికి వేరే గూడే పెట్టారని మురిసిపోయింది.

"దాన్ని ముట్టుకోకే అమ్మా," అంది అత్తగారు. "పోయినేడు పెద్దదానికి టీబీ వొచ్చింది. ఎంగిల్లో ఉంటాది ఆ జబ్బు."

"మందులన్నీ వాడేసింది కదండీ, అత్తయ్యా?"

"వాడితే మాత్రం? రత్తంలో ఉన్నది ఎక్కడికెల్తాది? రేపు కడుపు పండాల్సినదానివి, దూరంగుండు."

ఆ పూట ఏంజెలిన్ ఊరికే చూస్తూ కూర్చుంది. ఇడ్లీపిండి రుబ్బింది కరుణ. అందరికీ వడ్డించింది కరుణ. అందరి ఎంగిలి కంచాలూ తోమి, చివర తనది తోముకుని గూట్లో పెట్టుకుంది. చాకిరీ చేస్తే అంటని జబ్బు పక్కన కూర్చుని తింటే అంటుతుందా?

"ఏటలా సూత్తన్నావు సెల్లీ?" అని నవ్వింది కరుణ. "నా కంచం ఎవులూ ఎత్తుకుపోరు. అదో సుకం."

ఏంజెలిన్ నవ్వలేకపోయింది. డిగ్రీ రెండో ఏడు గుర్తొచ్చింది. సొంతూరు యలమంచిలిలో ఎవరైనా చూస్తారని అమ్మ తనను తునిలో డాక్టరుకు చూపించింది. అడిగినవాళ్లకు నిమ్ము చేసిందని చెప్పింది. పూర్తిగా నయమయ్యాక కూడా, అప్పగింతల వేళ చెవిలో ఒకటే మాట: "మీ ఆయనకైనా సెప్పకే. కాపురం నిలవదు."

ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరూ భోజనాలకు కూర్చున్నారు. కోడికూర వాసనకు ప్రభుకుమార్ "వదినా, బేగి!" అని తొందరపెడుతున్నాడు. ఏంజెలిన్ పెరట్లోకెళ్లి, గూట్లో కంచం తెచ్చి, అందులో అన్నం పెట్టుకుని అతని పక్కనే కూర్చుంది.

"ఓలమ్మ! అది పెద్దదాని కంచవే!"

"తెలుసండీ." ముద్ద కలిపింది. "ఆ జబ్బు దగ్గుతో వస్తుందిగానీ కంచంతో రాదు, అత్తయ్యా. కాలేజీలో ఉండగా నాకూ వచ్చింది. మందులు పూర్తిగా వాడాను, తగ్గిపోయింది. అక్కకీ తగ్గిపోయింది."

ప్రభుకుమార్ చేతిలో ముద్ద ఆగిపోయింది. ఏంజెలిన్ అతని వైపే చూస్తూ, నెమ్మదిగా అడిగింది.

"నా కంచం కూడా గూట్లో పెట్టనా, అక్కను వచ్చి ఇక్కడ కూర్చోమననా?"