పన్నెండు గరిటెల ఇంగ్లండు

ఇంగ్లండు చరిత్ర పేపరులో రెండుసార్లు తప్పాను. బి.ఏ.లో మిగతావన్నీ ప్రైవేటుగానే గట్టెక్కాను, ఇదొక్కటే కొరకరాని కొయ్యగా మిగిలింది. డెబ్బై ఎనిమిదిలో మూడోసారి పరీక్షకు సిద్ధమవుతుంటే మా ఆయన బర్కతుల్లా, "ఈసారి పోతే పుస్తకాలు అటకెక్కించేయాల రజియా," అన్నాడు. ఆయన ఉదయగిరి, ఆత్మకూరు మధ్య బస్సు డ్రైవరు. మనిషి మంచివాడే, ఉన్న ఓపికంతా ఆ రోడ్డు మీదే ఖర్చయిపోతుంది. నేనూ సరేనన్నాను. మా వీధి బడిలో టీచరు కావాలన్నది పదో తరగతి నుంచీ నా కోరిక. డిగ్రీ లేకపోతే ఆ గడప తొక్కనివ్వరు.

మా అత్త బీబమ్మకు అక్షరం ముక్క రాదు. కొండమీది కర్రతో మామ గరిటెలు చెక్కితే, ఆమె ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేస్తుంది. నేను ఆమె పక్కన కూర్చుని, రెండుసార్లూ నన్ను ముంచిన ప్రశ్న అదే కాబట్టి, 1851లో బ్రిటన్‌లో జరిగినవన్నీ బిగ్గరగా వల్లె వేసేదాన్ని. చదివిన కొద్దీ నెలలన్నీ కలగాపులగమయ్యేవి. మూడో రోజుకు అత్తకు విసుగు పుట్టింది.

"ఏందమ్మే, ఒక్క ఏడాదిని పట్టుకోని ఇంత అవస్థ," అంటూ రుద్దిన వాటిలోంచి పన్నెండు ఏరి చాప మీద వరసగా పేర్చింది. "ఇది జనవరి. ఇది ఫిబ్రవరి. ఏ నెలలో ఏం జరిగినాదో చెప్పు."

చిన్న చెంచా మార్చి. మనిషికొకటి చొప్పున లెక్కబెట్టేది కాబట్టి జనాభా లెక్కలు. అన్నిటికంటే పెద్ద బిరియానీ గరిటె మే. లండన్‌లో గాజు మేడ కట్టి, దేశదేశాల వస్తువులు పెట్టిన ఎగ్జిబిషన్. చిల్లుల గరిటె జూలై, ఇళ్ల కిటికీల మీద పన్ను ఎత్తేసిన నెల.

"కిటికీకి పన్నా," అంది అత్త. "గాలికి కూడా శిస్తు కట్టించుకున్నారా. మన కరణాలే నయం."

ఆ ఎగ్జిబిషన్‌లో కోహినూరు వజ్రం పెడితే, ఎగబడి వచ్చిన జనం ఇది మెరవనే లేదని పెదవి విరిచారని చదివాను. అత్త చెయ్యి ఆగింది.

"రాయిని అనేదేముండాది. చెక్కినోడికి చేతగాలా. మళ్లీ సాన పట్టాల," అంది.

ఆ వారమే నెల్లూరు వ్యాపారి వచ్చి, సరుకుతోపాటు ఆ పన్నెండూ మూట కట్టబోయాడు. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"అవి అమ్మేవి గాదు నాయనా. మా కోడలి సంవత్సరం."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆమె మీద ప్రేమ పొంగుకొస్తుంది.

ఆత్మకూరులో పరీక్ష. 1851 నాటి బ్రిటిష్ జాతి జీవితాన్ని వివరించమని మూడో ప్రశ్న. కళ్లు మూసుకుంటే చాప కనిపించింది. మార్చి రాశాను, మే రాశాను. వజ్రం దగ్గర మాత్రం ఆగిపోయాను. అది ఎందుకు మెరవలేదని పుస్తకంలో ఉందో గుర్తు రాలేదు. అత్త మాటే రాసేశాను. "రాతిలో లోపం లేదు. లోపం చెక్కడంలో ఉన్నది. మళ్లీ సాన పట్టవలసినది." గబగబా జూలైకి పోయాను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో భయం పట్టుకుంది. యూనివర్సిటీ పేపరులో మా అత్త అభిప్రాయం రాసొచ్చాను. ఇంటికి రాగానే పుస్తకం తెరిచాను. నేను చదవకుండా వదిలేసిన తరువాతి పేజీలో ఉంది, మరుసటి ఏడాది ఆ వజ్రాన్ని మళ్లీ చెక్కించారని. అత్తకు చదివి వినిపించాను.

"మరి," అని ఆమె తన పని చేసుకుంటూ కూర్చుంది.

ఫలితాలు వచ్చిన రోజు, ఎప్పుడూ లేనిది, బస్సు మా ఇంటి ముందే ఆగింది. బర్కతుల్లా పేపరు పట్టుకుని దిగాడు. ప్రయాణికులంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టారు.

"ఉండాది. నీ నంబరు ఉండాది," అన్నాడు. నేను నిలబడ్డచోటే ఏడ్చేశాను.

అత్త లోపలికి వెళ్లి మే నెల గరిటె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"బడికి ఎత్తుకుపో. రెండేసి సార్లు తప్పిన పిల్లోళ్లు వస్తారు గదా నీ కాడికి," అంది. "రాయిని తిట్టబాక."