అయ్యగారేమంటున్నారు?

సుందరరాజు పాస్టరుగారికి గొంతు పోయాక, ఆయన మాట తెలిసే మనిషి ఒక్కతే మిగిలింది. ఆవిడే ఆయన భార్య అంతోనమ్మ. విజయవాడలో డాక్టర్లు గొంతులో గడ్డతో పాటు స్వరపేటికను కూడా తీసేశారు. మెడకు చిల్లు, దాని మీద తెల్లటి గుడ్డ. పెదాలు మాత్రం కదిలేవి. గుబురు మీసం కింద ఆ పెదాలు ఏమంటున్నాయో ఎవరికీ అంతుబట్టేది కాదు. రాసి చూపిద్దామా అంటే, కూలిపనులు చేసుకుంటూ బైబిలు పట్టుకునే చదవడం నేర్చుకున్న మనిషాయన. రాత సంతకం దగ్గరే ఆగిపోయింది. అందుకని ఎవరొచ్చినా ముందు ఆయన మొహం చూసి, ఆనక ఆవిడ వైపు తిరిగి, "అమ్మగారూ, అయ్యగారేమంటున్నారండీ?" అని అడిగేవారు. ఆవిడ చెప్పేది. పొల్లుపోకుండా చెప్పేది. అదీ మొదట్లో.

తిరువూరు బైపాస్ పక్కన రేకుల షెడ్డులో వాళ్ళ పెంతెకోస్తు సంఘం. సుందరరాజు ఒంటి చేత్తో నిలబెట్టాడని జనం పొగిడేవారు గానీ, తెగులంతా ఆ ఒంటి చేతిలోనే ఉంది. గేటు తాళం తీసేది ఆయనే, చాపలు పరిచేది ఆయనే. పాట ఎత్తుకునేదీ, వాక్యం చెప్పేదీ, ఆఖరి ప్రార్థన చేసేదీ అన్నీ ఆయనే. మైకు మీద ఇంకొకడు చెయ్యేస్తే చంటిపిల్లను ఎవరో ఎత్తుకుపోతున్నట్టు కంగారుపడిపోయేవాడు. సంఘ పెద్దలని పేరుకు కొందరున్నారు. వాళ్ళలో ముఖ్యుడు బసవపున్నయ్య మాస్టారు, రిటైరైన బడిపంతులు. ఆ పెద్దలు చేసిన పెద్దరికమల్లా తలూపడమే.

ఒకసారి విస్సన్నపేటలో పాస్టర్ల కూడిక జరిగింది. "రేపు మీరు మంచాన పడితే వచ్చే ఆదివారం మీ గుళ్ళో ఎవరు నిలబడతారు?" అని అక్కడికొచ్చిన పెద్దాయనెవరో అడిగాడట. సుందరరాజు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు.

"ఏవండీ, కూర బాలేదా?" అంది అంతోనమ్మ.

"కూరకేమే! ఇన్నేళ్ళూ మందను పెంచాను గానీ, ఒక్కణ్ణీ కాపరిని చెయ్యలేదు" అన్నాడాయన.

మర్నాటి నుంచే మొదలుపెట్టాడు. సండే స్కూలు నీహారిక అనే టీచరమ్మాయికి ఇచ్చాడు. రోగుల పరామర్శ అంతోనమ్మకు ఇచ్చాడు. విస్సన్నపేట రోడ్డులో షేర్ ఆటో నడిపే ఐజాక్‌కు వినగడపలో ఇంటింటి కూటాలు అప్పగించాడు. ఐజాక్ నలభైకి దగ్గరపడ్డ నెమ్మదస్తుడు, నలుగురిలో మాట్లాడమంటే చెమటలు పట్టే రకం. అతను వాక్యం చెబుతుంటే ఈయన వెనక చాప మీద కూర్చుని వినేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తప్పులు దిద్దేవాడు. ఈస్టరు వెళ్ళాక తిరువూరు గుళ్ళో వాక్యం చెప్పే పుల్పిట్ దగ్గర కూడా అతన్నే నిలబెడతానని ఇంట్లో అన్నాడు. ఈస్టరు రాకముందే గొంతు పట్టేసింది.

ఆపరేషను తర్వాత గుడికొచ్చిన మొదటి ఆదివారం, సాక్ష్యాల సమయంలో అంతోనమ్మ లేచింది. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టిన భర్త వైపు చెయ్యి చాపి, "ఈయన మళ్ళీ ఇదే పుల్పిట్ దగ్గర నిలబడి వాక్యం చెబుతారు. ఆసుపత్రి వరండాలో దేవుడు నాతో మాట్లాడాడు. అందాకా అక్కడ ఇంకెవ్వరూ నిలబడకూడదు!" అంది. హల్లెలూయాలతో రేకులు దద్దరిల్లాయి. దేవుడు మాట్లాడాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. భయంతో చచ్చిపోతున్న మనిషికి ఏ మాట ఎటు నుంచి వినబడుతుందో ఎవరు చెప్పగలరు! అయితే ఆవిడ మాత్రం నమ్మింది. అందరి ముందూ అనేసింది కాబట్టి ఇక నమ్మక తప్పలేదు కూడా.

మరి వాక్యం ఎలా? నీహారిక ఫోనులో అయ్యగారి పాత ప్రసంగాలున్నాయి. వాటిని స్పీకరులో పెట్టారు. "ఏమ్మా వెనక వరస, అప్పుడే కునుకుపాట్లా?" అని స్పీకరులో ఆయన గొంతు ఖంగుమనగానే జనం గొల్లుమన్నారు. మరుక్షణం, మెడకు గుడ్డ చుట్టుకుని అక్కడే తలొంచుకు కూర్చున్న మనిషి కనిపించి నవ్వులు ఆగిపోయాయి. తన గొంతు తాను వింటూ ఆయన ఒక్కసారి కూడా తలెత్తలేదు.

కూటం అయ్యాక పెద్దలు చుట్టూ చేరారు. ఆయన పెదాలు కదిలాయి.

"అమ్మగారూ, అయ్యగారేమంటున్నారండీ?" అన్నాడు బసవపున్నయ్య మాస్టారు.

అంతోనమ్మకు ఆయనన్నది స్పష్టంగానే తెలిసింది. "ఐజాక్‌ని నిలబెట్టండి. నేనుండగా వినాలి." ఆ 'ఉండగా' అన్న మాటే ఆవిడ గొంతుకు అడ్డం పడింది.

"ప్రార్థన ఆపొద్దంటున్నారు. విశ్వాసం వదలొద్దంటున్నారు" అంది.

ఇంటికెళ్ళాక ఆయన అడిగాడు, ఎందుకలా చెప్పావని. ఆవిడ ఒంటికాలి మీద లేచింది. "పోయేవాడిలా మాట్లాడితే ఎందుకు చెబుతాను? చెప్పను. చంపినా చెప్పను!" ఆయన నవ్వాడు. చప్పుడు లేని నవ్వు. మొగుడు నవ్వాడు కదా, ఇక గొడవేముందనుకుంది పిచ్చితల్లి.

తర్వాత వచ్చిన ప్రతి ఆదివారమూ అదే అడిగాడు. ప్రతి ఆదివారమూ ఆవిడ ఇంకోటి చెప్పింది. పైగా గొలుసు ప్రార్థన పెట్టించింది. అంటే రాత్రీ పగలూ తెగకుండా గంటకొకరు గుడికొచ్చి మోకరించాలి. కూలికెళ్ళేవాళ్ళు తెల్లారుజామున, ఉద్యోగస్తులు సాయంత్రాలు, ఐజాక్ మధ్యాహ్నం గిరాకీ వదులుకుని ఆటో గేటు ముందు ఆపి. ఒకరి గంట అయ్యేలోపే రెండోవాళ్ళు గుమ్మంలో చెప్పులు విడిచేవారు. ఎవరికి జ్వరమొచ్చినా ఇంకొకరు ఆ గంట తమ మీద వేసుకునేవారు. ఆ సంఘం అంత ఒక్క మాట మీద నిలబడటం ఎవరూ ఎరగరు. సుందరరాజు కలలుగన్న జట్టు సరిగ్గా అదే. కాకపోతే ఆయన అడిగింది వాళ్ళ చెవిన పడనే లేదు. పడకుండా చేసింది అంతోనమ్మ.

"ఊపిరితిత్తులకు పాకిందమ్మా. ఇంక ఇంటి దగ్గరే చూసుకోండి" అని డాక్టరు చెప్పింది కూడా ఆవిడ పెడచెవిన పెట్టింది.

చేత్తో సైగ చెయ్యొచ్చు కదా ఆయన, అంటారేమో. చేశాడు. అదీ అయింది.

ఆ ఆదివారం రికార్డింగు అయిపోగానే ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. అడుగులో అడుగు వేసుకుంటూ పుల్పిట్ దాకా వెళ్ళాడు. జనమంతా లేచి నిలబడి "స్తోత్రం! స్తోత్రం!" అని ఏడుపు మొదలెట్టారు, అద్భుతం జరుగుతోందనుకుని. ఆయన స్టాండులోంచి మైకు తీశాడు. తీసి, మగవాళ్ళ వైపు డోలక్ ముందేసుకుని కూర్చున్న ఐజాక్ దగ్గరకు వచ్చి, మైకు అతని గుండెకు ఆనించాడు. పెదాలు కదిలాయి. ఐజాక్ బిత్తరపోయాడు. అయ్యగారి మొహంలోకి చూశాడు, చేతులు ముందుకు చాపాడు, మళ్ళీ వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత అందరిలాగే అంతోనమ్మ వైపు తిరిగాడు.

"అమ్మగారూ, అయ్యగారేమంటున్నారండీ?"

షెడ్డు మొత్తం ఆవిడ నోటి వంకే చూస్తోంది. 'నువ్వు చెప్పు నాయనా' అన్నాడాయన. ఆ మూడు మాటలూ నాలుక చివరే ఉన్నాయి. అవి బయటికి వస్తే తను ఇచ్చిన సాక్ష్యం అబద్ధం. అది అబద్ధమైతే తన మొగుడు చచ్చిపోతాడు. అంతే ఆవిడ లెక్క.

"నీరసంగా ఉందంటున్నారు. మైకు తీసుకుని స్టాండులో పెట్టెయ్యమంటున్నారు" అంది.

"అలాగేనండి" అన్నాడు ఐజాక్. రెండు చేతులతో భక్తిగా అందుకుని, వెళ్ళి స్టాండులో పెట్టి వచ్చాడు.

సుందరరాజు చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

ఆ రోజు నుంచి ఆయన పెదాలు కదపడం మానేశాడు. నీళ్ళు కావాలంటే చెంబు వైపు చూసేవాడు. ఆవిడ బతిమాలింది, తిట్టింది, "ఒక్క మాటనండి, మీకు దణ్ణం పెడతాను" అని కాళ్ళ మీద పడింది. ఆయన తల నిమిరాడు గానీ మాట ఇవ్వలేదు. ఓపిక లేకో, ఆవిడ చేతిలో పెట్టిన మాట ఎక్కడికీ చేరదని తెలిసో. ఆయన మాట తెలిసిన ఒక్కగానొక్క మనిషికి కూడా ఆయన మాట కరువైపోయింది. వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆయన ప్రాణం పోయింది. ఆ గంట ప్రార్థనకు వచ్చినవాళ్ళు ఇంకా మోకాళ్ళ మీదే ఉన్నారు.

భూస్థాపన కార్యక్రమాలన్నీ బయటి పాస్టర్లు వచ్చి జరిపించారు. వాళ్ళలో ఒకాయన, ఈ సంఘాన్ని తన సంఘంలో కలుపుకుంటానని కబురంపాడు. పెద్దలు అంతోనమ్మ ఇంటికొచ్చారు.

"పోయేముందు అయ్యగారు ఎవరి పేరన్నా చెప్పారా అమ్మగారూ?" అన్నాడు బసవపున్నయ్య మాస్టారు. "చెప్పకపోతే మాత్రం పైవాళ్ళకి ఒప్పజెప్పక తప్పదు. మనలో నిలబడేవాడు ఎవడున్నాడండీ?"

గుమ్మం దగ్గర నిలబడ్డ ఐజాక్ తలొంచుకుని చెప్పుల వంక చూసుకుంటున్నాడు. చెప్పలేదంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు, పాస్టరమ్మగా ఆవిడ మర్యాద ఆవిడకు ఉండేది. అంతోనమ్మ మింగలేక కక్కలేక, "ఆదివారం చెబుతాను, గుళ్ళో" అంది.

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆవిడ లేచింది. సాక్ష్యమంటే మేలు జరిగిందనే చెబుతారు ఎవరైనా. జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది అని. ఆవిడ చెప్పింది ఇది.

"ప్రభువుకు స్తోత్రం. అయ్యగారు మొదటి ఆదివారం నుంచీ ఐజాక్‌ని నిలబెట్టమన్నారు. 'నేనుండగా వినాలి' అన్నారు. మీరడిగినప్పుడల్లా నేను అబద్ధం చెప్పాను. ఇంకొకణ్ణి నిలబెడితే ఆయన్ని పంపించేసినట్టేనని భయపడ్డాను. ఆయన ఎలాగూ పోయారు. ఆయన అడిగిన ఆ ఒక్కటీ తీరకుండా చేసింది నేనే."

కూర్చుంది. సాక్ష్యం ముగియగానే అనే అలవాటు కొద్దీ వెనక ఎవరో "స్తోత్రం" అని, నాలుక్కరుచుకున్నారు.

ఐజాక్ లేచి ఆడవాళ్ళ చాపల దాకా వచ్చాడు. "అమ్మగారూ, ఆ రోజు మైకు..."

"నీకే ఇచ్చారు నాయనా. నువ్వు చెప్పు అన్నారు."

"నన్నే చెప్పమన్నట్టు అనిపించిందండీ. నా ఆశే అలా వినిపిస్తోందేమోనని సిగ్గుపడ్డాను. తీసుకెళ్ళి ఆయన కళ్ళ ముందే పక్కన పెట్టేశాను కదండీ!" అంటూ అక్కడే కూలబడ్డాడు. అంత మగాడు చంటిపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. "నాకు తెలీక పెట్టానని ఆయనకు తెలుసాండీ?"

"తెలుసు. నీ వంక చూడలేదు నాయనా, నా వంకే చూశారు" అంది అంతోనమ్మ. "ఆ తర్వాత నాతో కూడా మాట్లాడలేదు."

చాలాసేపటికి బసవపున్నయ్య మాస్టారే లేచి, ఐజాక్ చెయ్యి పట్టుకుని పుల్పిట్ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆయన జీవితంలో తలూపడం కాకుండా చేసిన పెద్దరికం అదొక్కటే. ఐజాక్ బైబిలు తెరిచాడు, మూశాడు. చొక్కా చేత్తో మొహం తుడుచుకుని మొదలుపెట్టాడు.

"నేను తాగేవాణ్ణి. మీలో కొందరికి తెలుసు. ఆ రోజుల్లో అయ్యగారు ఏ పనీ లేకపోయినా నా ఆటో ఎక్కేవారు, ముందు సీట్లో నా పక్కనే. విస్సన్నపేట దాకా వచ్చి, దిగకుండా మళ్ళీ నాతోనే తిరువూరు వచ్చేసేవారు. వైన్ షాపు వచ్చినప్పుడల్లా ఏదో ఒక ఊసు ఎత్తుకునేవారు. ఆయన పక్కనుండగా ఆపడానికి నాకు మొహం చెల్లేది కాదు. తాగొద్దని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు. నాకు తెలిసిన వాక్యం అదేనండీ. పక్కన కూర్చోవడం."

అంతోనమ్మకు ఈ సంగతి తెలియదు. ఒక ఏడాది ఎండాకాలమంతా ఆయన దుమ్ముకొట్టుకుని ఇంటికి రావడం, ఎక్కడికెళ్ళారంటే "ఊరికే తిరిగొచ్చానే" అనడం మాత్రం గుర్తుంది. ఆయన చెప్పిన కొన్ని మాటలు తాను దాచింది. తనకు చెప్పనివి ఇంకెన్ని ఉన్నాయో.

ఐజాక్ తడబడుతూనే చెప్పుకుపోతున్నాడు. కాసేపటికి ఆ తడబాటు తగ్గింది. నీహారిక "ఆమేన్" అంది, ఇంకొందరు అందుకున్నారు. అంతోనమ్మకు మాత్రం, బాగానే చెబుతున్నాడండీ మీవాడు, అని పక్కకు తిరిగి ఆయనతో అనాలనిపించింది. తానుండగా వినాలని ఆయన అడిగింది ఇదే. వినిపించడానికి తన నోట్లోంచి ఒక్క మాట చాలు, ఇన్ని ఆదివారాలూ ఆ మాట తనే ఆపేసింది. ఆవిడ తెల్లచీర కొంగు నోట్లో కుక్కుకుని, పక్కవాళ్ళకు వినబడకుండా ఏడ్చింది.